హెల్పర్ అని రాశాను

మా గ్యాంగు మేస్త్రి చనిపోయి ఏడాది అయింది. సంవత్సరీకం రోజున పంచడానికి ఆయన గురించి ఒక పేజీ రాసిమ్మని గ్యాంగులో వాళ్లు నన్ను అడిగారు. పుస్తకాలు చదివేవాణ్ణి కాబట్టి నాకు చేతనవుతుందని వాళ్ల నమ్మకం. రాసిచ్చాను. అచ్చుకు వెళ్లేముందు అందులోంచి ఒక వాక్యం తీసేశారు. నేను వద్దనలేదు. ఆ వాక్యం ఎందుకు రాయవలసి వచ్చిందో ఇక్కడ చెబుతాను.

నేను మొయినాబాద్‌లో కరెంటు పనుల కాంట్రాక్టు కంపెనీకి మేనేజర్ని. మాది కోస్తా. తొంభైల చివర్లో హైదరాబాదు వచ్చాం. నాతోపాటు వచ్చిన బంధువులు కంప్యూటర్ల వైపు వెళ్లారు, నేను డిప్లొమాతో ఇటు వచ్చాను. ఆఫీసంటే చేవెళ్ల రోడ్డు మీద హార్డ్‌వేర్ షాపు పైన రెండు గదులు. వెనక ఖాళీ జాగాలో సిమెంటు స్తంభాలు, తీగ చుట్టలు ఉంటాయి. ఫామ్‌హౌసులకూ కొత్త ప్లాట్లకూ లైన్లు లాగడం, ట్రాన్స్‌ఫార్మర్లు నిలబెట్టడం మా పని.

ఈ పనికి ఒక నిబంధన ఉంది. కంపెనీకి లైసెన్సు ఉండాలంటే, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకరు కంపెనీలో ఉండాలి. పని జరిగే చోట ఆ మనిషే నిలబడి చేయించాలి. ఏ రోజు ఏ పని చేయించాడో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. మా కంపెనీలో సర్టిఫికెట్ నాది. దానికి ఫ్రేము కట్టించి నా కుర్చీ వెనక గోడకు తగిలించారు.

పని దగ్గర నిలబడింది మాత్రం మేస్త్రి. ఆయనది చిన్న మంగళారం. పదో తరగతి దాకా చదివాడు. వైర్‌మన్ పర్మిట్ ఉంది, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ లేదు. నేను వారానికి ఒకసారో రెండుసార్లో సైటుకు వెళ్లేవాణ్ణి. శనివారం సాయంత్రం రిజిస్టరు ముందు పెట్టుకుని వారం సంతకాలన్నీ ఒకేసారి పెట్టేవాణ్ణి. నీలం పెన్నుతో రెండు రోజులవి, నల్ల పెన్నుతో రెండు రోజులవి, మళ్లీ నీలం. అన్నీ ఒక్కరోజు పెట్టినట్టు కనబడకూడదని. ఇది నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ సంతకాల వెనక ఏం జరిగేదో ఒక్కటి చెబితే చాలు. నేను కొత్తగా చేరిన సంవత్సరం చిల్కూరు దారిలో ఒక లైను మార్చాలి. సబ్‌స్టేషన్‌తో మాట్లాడి ఎల్‌సీ తీసుకున్నాను. ఎల్‌సీ అంటే ఆ లైనులో కరెంటు ఆపేశాం, పని చేసుకోవచ్చని సబ్‌స్టేషన్ వాళ్లు ఇచ్చే అనుమతి. "ఎక్కండి" అన్నాను. ఒకతను అప్పటికే స్తంభం మీద కాలు పెట్టాడు.

మేస్త్రి అతని నడుం బెల్టు పట్టుకుని వెనక్కి గుంజాడు. "దిగు దిగు. ఏం తొందరున్నదిర, పైన నీకేమన్న దావత్ ఉన్నదా?"

"ఎల్‌సీ వచ్చింది మేస్త్రీ" అన్నాను, కొంచెం గట్టిగానే.

"అచ్చింది సార్. జర చెవులు పెట్టి ఇనుండ్రి." విన్నాను. ప్రహరీ అవతల ఫామ్‌హౌసులో జనరేటర్ నడుస్తోంది. ఆయన కింద నిలబడే, భూమికి కలిపిన పొడవాటి ఎర్త్ రాడ్ కొక్కేన్ని తీగకు తగిలించాడు. చిట్లిన చప్పుడు, నిప్పురవ్వ. ఆ ఇంటి జనరేటర్ కరెంటు వెనక్కి మా లైనులోకి వస్తోంది.

ఆయన నా పక్కకు వచ్చి, మిగతావాళ్లకు వినబడకుండా చెప్పాడు. "ఎల్‌సీ సబ్‌స్టేషనోళ్లు ఇస్తరు సార్. ఫామ్‌హౌసోళ్లు ఇయ్యరు."

ఆ వారం రిజిస్టరులో, ఎల్‌సీ తీసుకుని భద్రతా చర్యలన్నీ పాటించి పని చేయించినట్టు నేనే రాసి సంతకం పెట్టాను. నీలం పెన్నుతో అనుకుంటాను.

తీగ ఎంత బిగించాలో కంటితో చూసి చెప్పేవాడు. రాడ్ తగిలించి ఎర్త్ చేశాక కూడా ముందు చేతి వెనక భాగంతో ముట్టుకుని చూసేవాడు. అరచేత్తో ముట్టుకుంటే, కరెంటుంటే చెయ్యి ముడుచుకుని తీగనే పట్టుకుంటుంది. ఇలాంటివి నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో మా గ్యాంగులో ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. ఆ పేరు కంపెనీకి వచ్చింది, కాగితం మీద నాకు వచ్చింది. ఆయన ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు.

మార్పు చందనవెల్లిలో పని దొరికినప్పుడు వచ్చింది. అక్కడ ఒక పెద్ద ఆవరణ లోపల కేబుళ్లు వేయాలి. గేటు దగ్గర సేఫ్టీ ఆఫీసరు కాగితాలు చూడకుండా లోపలికి పంపడు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు తెల్ల హెల్మెట్, మిగతావాళ్లకు పసుపుపచ్చది. ఆ ఆఫీసరు మేస్త్రి పర్మిట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి ఆయన చేతికి పసుపుపచ్చది ఇచ్చాడు. తెల్లది నాకిచ్చాడు.

గ్యాంగులో నవ్వులు మొదలయ్యాయి. "అన్నా, నీక్కూడ పసుపు పెట్టిన్రు. ఇగ రేపే పెండ్లి" అన్నాడు ఒకతను.

"పెండ్లికొడుకుతోని ఎవడన్న పని చేపిస్తడార? నేను కూసుంట. గుంతలు మీరే తీయుండ్రి" అన్నాడు మేస్త్రి. కూర్చోలేదు.

మధ్యాహ్నం సేఫ్టీ ఆఫీసరు వచ్చి కేబులు జాయింటు గురించి ఏదో అడిగాడు. మేస్త్రి చెప్పబోయాడు. ఆఫీసరు చెయ్యి అడ్డంపెట్టి, "నువ్వు కాదు, మీ సూపర్‌వైజర్ చెప్పాలె" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నాకు సమాధానం తెలియదు. మేస్త్రి ఒక అడుగు వెనక్కి వేసి, వేరే పని చూస్తున్నట్టుగా అటు తిరిగి, కేబులు చుట్టతో మాట్లాడినట్టు జవాబు గొణిగాడు. ఆ గొణిగిందే నేను పైకి చెప్పాను. సేఫ్టీ ఆఫీసరు తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే మేస్త్రి ఆఫీసుకు వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేవాడు, ఆ రోజు లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"సార్, నాసోంటోళ్లకు గూడ సర్టిఫికెట్ ఇస్తరట గద. నా బిడ్డ ఫోన్ల చూసి చెప్పింది."

నిజమే. డిప్లొమా లేనివాళ్లకు ఇంకో దారి ఉండేది. వైర్‌మన్ పర్మిట్ ఉండి, కొన్నేళ్లు పని బాధ్యత చూసినట్టు లైసెన్సున్న కంపెనీ అనుభవ పత్రం ఇస్తే పరీక్షకు రానిస్తారు. కంపెనీ తరఫున దాని మీద సంతకం చేసేది సర్టిఫికెట్ ఉన్న మేనేజరు. అంటే నేను.

"పరీచ్ఛకు ఫికర్ లేదు సార్. బిడ్డ పుస్తకం సదివి ఇనిపిస్తున్నది. సగం దాంట్ల రాసిందే తప్పనిపిస్తున్నది నాకు." నవ్వాడు. "గా కాగితం ఒక్కటి జర మంచిగ రాయుండ్రి."

"తప్పకుండా రాస్తాను" అన్నాను. మా యజమానికి ఫోన్ చేస్తే ఆయన అడ్డు చెప్పలేదు. "సంతకం మీదే గద సార్. మీకు ఎట్ల మంచిగనిపిస్తే అట్ల రాయుండ్రి" అన్నాడు. కాబట్టి ఇందులో మరొకరి మీద పెట్టడానికి ఏమీ లేదు.

మర్నాడు రాయడానికి కూర్చున్నాను. రావలసిన వాక్యం ఒక్కటే: ఇన్నేళ్లుగా మా కంపెనీ లైను పనులను ఈయన స్వయంగా పర్యవేక్షించారు. ఇంగ్లీషులో ఆ వాక్యం టైపు చేశాను కూడా. చేసి, చూస్తూ కూర్చున్నాను. ఆ ఏళ్లన్నిటికీ రిజిస్టరులు బీరువాలో ఉన్నాయి. ప్రతి రోజుకూ పర్యవేక్షించినట్టు నా సంతకం ఉంది. ఈయన పర్యవేక్షించి ఉంటే నేనేం చేస్తున్నాను? అని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ వాక్యం నిజం. అది నిజమైతే నా సంతకాలు అబద్ధం.

చెరిపేశాను. "గ్యాంగు ఇన్‌చార్జి" అని రాశాను. అందులోనూ బాధ్యత వినబడుతోంది. అదీ చెరిపేశాను. "సీనియర్ వైర్‌మన్" అని రాస్తే కొంతైనా నిలిచేదేమో. కానీ మరి పని చూసింది ఎవరని పై ఆఫీసులో ఎవరికైనా అనుమానం వస్తుందనిపించింది. చివరికి, సూపర్‌వైజర్‌కు హెల్పర్‌గా తృప్తికరంగా పనిచేశారు, నడవడిక మంచిది, అని రాశాను. మాటలు చేతకాక అది రాయలేదు. నాలుగు మాటలు పక్కపక్కన పెట్టి చూసుకుని, నాకు ఏ ప్రమాదమూ లేని మాటను ఎంచుకున్నాను. చదువు నాకు ఉపయోగపడింది అక్కడ.

ఇంకొకటి కూడా ఉంది. అప్పుడు దాన్ని నాకు నేను చెప్పుకోలేదు. ఆయనకు సర్టిఫికెట్ వస్తే, ఆ గోడ మీద ఆయనదే తగిలించవచ్చు. పనీ తెలిసి, కాగితమూ ఉన్న మనిషి దొరికాక కంపెనీకి నాతో అవసరమేమిటి?

ఆయనది తెలుగు మీడియం చదువు, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ కూడా సరిగా చదవలేడు. పత్రం రెండు చేతులతో తీసుకుని, స్టాంపు మీద సిరా ఆరిందో లేదో చూసి, ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. మరుసటి రోజు తన చెలకలో పండినవని ఒక సంచి క్యారెట్లు తెచ్చి నా బల్ల పక్కన పెట్టాడు. మట్టి ఇంకా తడిగా ఉంది. "పొద్దుగాలే పీకిన సార్. ఇంట్ల ఇయ్యుండ్రి." తీసుకెళ్లాను. మా ఇంట్లో వారం రోజులు అవే తిన్నాం. బాగున్నాయి.

రెండు నెలల తర్వాత దరఖాస్తు తిరిగొచ్చింది. అనుభవం సరిపోదు, హెల్పర్‌గా చేసిన పని లెక్కలోకి రాదు అని జవాబు. ఆ జవాబును, నా పత్రాన్ని పక్కపక్కన పెట్టి ఆయన కూతురు చదివి చెప్పింది. ఆ అమ్మాయి చేవెళ్లలో డిగ్రీ చదువుతోంది.

ఆయన వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గరే ఆగాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే నాకు సులువుగా ఉండేది.

"సార్, హెల్పర్ అంటే తెలుగుల ఏమంటరు?"

ఆ మాట ఆయనకు తెలియక కాదు. గ్యాంగులో హెల్పర్లు ఉన్నారు, రోజుకు ఇరవైసార్లు ఆ మాట ఆయన నోటే వినబడేది. నేను బల్ల మీది కాగితాలు సర్దుతూ, "సాయం చేసేవాడు" అన్నాను.

"గట్లయితే సరిగనే రాసిన్రు. మీకు సాయమే గద చేసిన."

ఇది ఎత్తిపొడుపో, నన్ను తేలిగ్గా వదిలెయ్యడమో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. "పొరపాటు జరిగింది మేస్త్రీ, ఇంకోటి రాసిస్తాను" అన్నాను. "రాయుండ్రి సార్, నిమ్మలంగ" అన్నాడు. వెళ్తూ గోడ మీద ఫ్రేము వంకరగా ఉంటే సరిచేసి వెళ్లాడు. ఎక్కడ ఏది వంకరగా కనబడినా సరిచేసే అలవాటు ఆయనకు ఉండేది. అంతకుమించి అందులో ఏమీ లేదనే అనుకుంటాను.

ఇంకోటి రాయలేదు. తర్వాతి పరీక్షకు ఇంకా టైముంది అనుకున్నాను. ఆయన రెండుసార్లు గుర్తు చేశాడు. రెండోసారి, "బిజీ ఉన్నరు, ఎరుకే" అని తనే నా తరఫున చెప్పాడు. మూడోసారి అడగలేదు. చందనవెల్లి పనికి రోజూ పసుపుపచ్చ హెల్మెట్‌తోనే వెళ్లొచ్చాడు. వానాకాలం చివర్లో ఒక ఆదివారం పొద్దున చెలకలో కుప్పకూలాడు. చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు. గుండెపోటన్నారు.

మూడో రోజు గ్యాంగులో ఒకతను ఫోన్ చేశాడు. పెండ్లి జోకు వేసినతనే.

"సార్, అన్నకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కొట్టిస్తున్నం. పేరు కింద సూపర్‌వైజర్ అని ఏస్తే ఏమన్న కేసయితదా?"

"కేసేమిటి?"

"అంటే, సర్టిఫికెట్ లేదు గద. ఎవడన్న ఫొటో తీసి పైకి పంపిస్తే మీకేమన్న అయితదేమో అని."

వాళ్ల మేస్త్రి చనిపోయి మూడు రోజులు. వాళ్లు నా గురించి ఆలోచిస్తున్నారు. "ఏం కాదు, వేయించండి" అన్నాను.

పదో రోజున చిన్న మంగళారం వెళ్లాను. ఫ్లెక్సీ ఇంటి ముందు రెండు కర్రలకు కట్టారు. ఆయన ఫొటో చందనవెల్లిలో ఎవరో ఫోన్‌లో తీసినది. ఫ్లెక్సీ షాపువాడు హెల్మెట్‌ను తెల్లగా మార్చాడు. చెవి పక్కన కొంచెం పసుపుపచ్చ మిగిలిపోయింది.

అంతకుముందు రాత్రి ఆ పత్రం రాశాను. ఈసారి తెలుగులో. అన్నేళ్లూ పనులను ఆయనే పర్యవేక్షించారని. పాత తేదీ వేస్తే, ఎప్పుడో రాసి ఇవ్వడం మరిచిపోయానని చెప్పుకోవచ్చు. పెన్ను పట్టుకుని ఆ ఆలోచన కూడా చేశాను. చేసి, ఆ రోజు తేదీయే వేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన సరైన పని అదొక్కటే, అది ఎవరికీ పనికిరాలేదు.

భోజనాలయ్యాక పత్రం కూతురి చేతికిచ్చాను. నిలబడే చదివింది.

"ఏమున్నదే అండ్ల?" అని తల్లి అడిగింది.

"బాపు సూపర్‌వైజర్ పని చేసిండని ఉన్నది."

"అది మనకెరుకే గద" అంది ఆమె. నా వైపు తిరిగి, "తిన్నరా సార్? కూర సరిపోయిందా?" అంది.

అమ్మాయి లోపలికి వెళ్లి ఆ ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో పాత పత్రం, తిరిగొచ్చిన దరఖాస్తు, పర్మిట్ ఉన్నాయి. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూసింది. "సంతకం రెండిట్ల ఒక్క తీర్గనే ఉన్నది సార్" అంది. ఆ గొంతులో కోపం లేదు. చూసింది చెప్పింది. రెండూ కవరులో పెట్టి లోపలికి తీసుకెళ్లింది. ఆ పత్రం దేనికైనా వాడుకోండి, నేను ఒప్పుకుంటాను అని చెప్పాలనుకున్నాను. దేనికి వాడుకుంటారు? చెప్పలేదు.

ఇప్పుడు వాళ్లు అడిగిన పేజీ సంగతి. అందులో మొదటి వాక్యం ఇలా రాశాను: మా కంపెనీ పనులన్నిటికీ సూపర్‌వైజర్ ఆయనే. రెండో వాక్యం: రిజిస్టరులో ఉన్న సంతకాలు మాత్రం నావి, ఆయనకు రావలసిన సర్టిఫికెట్‌కు అడ్డుపడిందీ నేనే.

అచ్చుకు తీసుకెళ్లడానికి ఆ జోకులతను ఆఫీసుకు వచ్చాడు. నిలబడి మొత్తం చదివాడు.

"మంచిగున్నది సార్. గీ రెండో లైను తీసేద్దమా?"

"ఎందుకు?"

"అన్నకు నచ్చది. సార్ ఇజ్జత్ నలుగుర్ల తీసిన్రేందిర అని మమ్మల్నే తిడతడు." నా మొహం చూసి తల వంచుకున్నాడు. "మీకు సర్టిఫికెట్ రెన్యువల్ గూడ ఉన్నదట గద ఈ నెల."

ఉంది. ఆ ఫారం అప్పుడు బల్ల మీదే ఉంది, సగం నింపినది. నేను పర్యవేక్షించిన పనుల జాబితా రాయవలసిన గడి దగ్గర ఆగి ఉన్నాను. అతను జేబులోంచి పెన్ను తీసి, అడుగుతున్నట్టు నా వైపు చూశాడు. నేను ఫారం వైపు చూస్తూ కూర్చున్నాను. అతను రెండో వాక్యం మీద గీత గీశాడు.

ఆయన సాయం చేసేవాడన్నాను. చనిపోయిన ఏడాదికి కూడా నాకు ఆయన సాయమే అందింది. తీసుకున్నాను.